కవాటమునకు వేళ చెప్పు యంత్రము

పెట్రోలు ఇంజనులో గాలిని లోనికి గ్రహించు కవాటము గాని, దగ్ధవాయువును వెలికి నెట్టు కవాటము గాని తనంత తాను తెరచుకొనునది కాదు. వానిని తగిన వేళకు నొక్కి తెరపించు కార్యము క్యామ్‌షాఫ్టు అను కడ్డీది. పిస్టనులు త్రిప్పు ఇరుసైన క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగునంతలో ఈ కడ్డీ ఒక్క చుట్టే తిరుగును. ఇంజను నిమిషమునకు 6,000 చుట్ల వేగమున పరుగిడునపుడు ప్రతి కవాటమును సెకనునకు 50 మారులు తెరచుకొని మూతపడవలసి యుండునన్నచో, ఇచ్చట వేళ యనునది యెంత సూక్ష్మమైన విషయమో యూహింపవచ్చును.

ఆ వేగమున గాలికిని బరువు గలదని మరువరాదు. వడిగా దూసుకొనివచ్చు గాలి, పిస్టను అడుగునకు దిగి తిరిగి పైకి లేవనారంభించిన పిమ్మట సైతము, తన వేగబలముచేతనే కొంతసేపు సిలిండరులోనికి చొచ్చుకొని వచ్చుచునే యుండును గనుక, అధికవేగమున గ్రహణకవాటము కొంత ఆలస్యముగా మూతపడుట లాభకరము. మందగమనమున నున్నప్పుడో, అదే యాలస్యమువలన వచ్చిన గాలి వచ్చిన త్రోవనే వెనుకకు నెట్టబడును. రెండింటికిని సరిపడు వేళ ఒక్కటి లేదు. కావున నిర్మాతలు నడిమి వేళ నొకదానిని స్థిరపరచి, బహుకాలము దానితోనే సంతుష్టి చెందిరి. ఆవిరి రైలింజనుల వారు ఈ విషయమున మోటారుకారుల వారికంటె ముందుండిరనుట విశేషము: 1842 ప్రాంతమున రాబర్ట్ స్టీఫెన్‌సన్ కర్మాగారమున రూపొందిన కవాటయంత్రాంగముతో, డ్రైవరు ఒక్క మీటను జరుపుటచేతనే ఆవిరిని నిలుపు వేళను ప్రయాణపు అవసరమును బట్టి మార్చుకొనగలిగెను. అయితే క్షణక్షణమును వేగము మారు కారులో, ఏ డ్రైవరు చేయి యంత చురుకుగా నాడగలదు?

ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో సంస్థవారు, తమ ఇంజనీరు జాంపావొలో గార్చేయా కల్పనను ఆధారము చేసికొని, 1980లో స్పైడర్ కారునందు క్యామ్‌షాఫ్టు వేళను మార్చు సాధనమును అమ్మకమునకు దెచ్చిరి. అది రెండు స్థితులను మాత్రమే యెరుగును. 1992లో బీఎమ్‌డబ్ల్యూ, ఆ దశాబ్ది మధ్యభాగమున టొయోటా ఈ మార్గమున ముందడుగు వేసిన పిదప, కంప్యూటరు ఆజ్ఞకు లోబడి అంశాంశముగా కోణమును మార్చు యంత్రములు క్రమముగా సామాన్యమైన కారులకును దిగివచ్చినవి.

నేడు విరివిగా గానవచ్చు నిర్మాణమిది. గొలుసు త్రిప్పు పండ్లచక్రము లోపల, క్యామ్‌షాఫ్టునకు బిగించిన రెక్కల చక్రమొకటి యుండును. ప్రతి రెక్కకు ఇరువైపులను ఇంజను ఆయిలు నిండు గదులు గలవు. ఒకవైపు గదులలో ఆయిలు ఒత్తిడి హెచ్చినచో కడ్డీ కొన్ని డిగ్రీలు ముందునకు జరుగును, రెండవవైపు హెచ్చినచో వెనుకకు మరలును. ఆయిలు నెటు పంపవలెనో నిర్ణయించునది ఒక చిన్న సోలినాయిడ్ వాల్వు, అనగా తీగచుట్టలో విద్యుత్తు పారినపుడు కదలు కవాటము. దానికి విద్యుత్తును త్వరితగతిని ఇచ్చుచు ఆపుచు, ఇచ్చు కాలమును హెచ్చించియు తగ్గించియు కంప్యూటరు దానిని నడపును.

ఈ విద్యుత్తు త్రోవలో లోపము గలిగినపుడు కంప్యూటరు జ్ఞాపకమునందు వ్రాసికొను సంకేతమే పి 0010. అమెరికాలో 1996 నాటి కారులనుండి ఇట్టి సంకేతములకు ఏకరూపత విధింపబడినందున, లాస్ ఏంజిలిస్‌లోని మెకానిక్కునకును విజయవాడ ఆటోనగర్ మెకానిక్కునకును సంకేతములను చదువు స్కానరు ఒకే అంకెను చూపుట సాధ్యమైనది. మొదటి యక్షరము ఇంజను, గేరుల విభాగమును, తరువాతి సున్న సర్వసంస్థలకును సమానమైన సంకేతమగుటను దెలుపును. దీని పొరుగున నున్న పి 0011, క్యామ్‌షాఫ్టు ఆజ్ఞకు మించి ముందునకు జరిగినదని చెప్పును. అందులకు మురికి ఆయిలో, ఇరుక్కొనిన వాల్వో, సాగిన గొలుసో కారణము కావచ్చును. పి 0010 అట్టిది కాదు. అది కేవలము విద్యుత్ ప్రవాహమును గూర్చిన ఫిర్యాదు. ఈ భేదమును గమనింపక, సంకేతపు పేరులో క్యామ్‌షాఫ్టు అని యున్నంతమాత్రమున ఖరీదైన భాగములను మార్చించువారిని చూచినపుడు, స్కానరు రాక ముందటి మెకానిక్కులే మేలేమో యనిపించును.

ఇంటిలో దీపము వెలుగనప్పుడు బల్బు, స్విచ్చి, తీగ, ఫ్యూజు అన్నియు సమానముగా అనుమానింపదగినవే యగునట్లు, ఇచ్చటను సోలినాయిడ్ ఒక్కటే దోషి యని ముందుగా నిశ్చయింపరాదు. మొదట కనెక్టరును ఊడదీసి, పిన్నులకు తుప్పు పట్టినదా, వాల్వు నుండి కారిన ఆయిలు లోపల చేరినదా యని చూడవలెను. సగము చిక్కులు ఇచ్చటనే విడిపోవుటయు గలదు. అటుపిమ్మట మల్టీమీటరుతో సోలినాయిడ్ చుట్ట నిరోధమును గొలువవలెను. పలు టొయోటా ఇంజనులలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది 6.9 మొదలు 7.9 ఓముల వరకు నుండును. అనంతమని చూపినచో లోని తీగ తెగినట్లు, సున్నకు దగ్గరగా నున్నచో చుట్టలో షార్టు ఏర్పడినట్లు. నిరోధము సరిగానే యున్నచో అనుమానము తీగల మీదికి మరలును. అవి ఇంజను వేడికి పెళుసెక్కియో, పదునైన అంచున ఒరసికొనియో లోలోపల తెగి, కారు కుదుపులకు మాత్రమే విడివడుచుండుట గలదు గావున, మీటరు తగిలించి యుంచి తీగల కట్టను చేతితో కదలించుచు, అంకె తొణకునేమో పరికింపవలెను. నిశ్చలముగా నున్న తీగ నిర్దోషిగనే కనబడును!

కంప్యూటరును శంకించుట అన్నింటికిని చివరి పని. చుట్టలోని షార్టువలననే దాని లోపలి ట్రాన్సిస్టరు కాలిపోయి యుండవచ్చును గనుక, చుట్టను పరీక్షింపక క్రొత్త కంప్యూటరును బిగించుట దానిని గూడ పాత దాని గతికే పంపుట యగును. మరమ్మతు ముగిసిన పిమ్మట సంకేతమును చెరిపివేసి, డ్రైవరు ఎదుటి హెచ్చరిక దీపము ఆరినదని తృప్తిపడక, ఇంజను వేడెక్కిన తరువాత కారును నడపుచు, కంప్యూటరు కోరిన కోణమును క్యామ్‌షాఫ్టు నిలిచిన కోణమును స్కానరు తెరపై ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను. ఆ రెండంకెలును వెనువెంటనే కలసి నడచుచున్నచో కారును యజమానికి అప్పగింపవచ్చును.