ఆడపిల్లకు నెలసరి ఎక్కువగా పోతుంటే: నేను చేసిన ఆలస్యం, తర్వాత తెలుసుకున్నది

పై వీడియోలో మా పెరటి ఆకుకూర మడి చూపించాను. మునగను నడుము ఎత్తులోనే ఎందుకు కత్తిరిస్తామో, తోటకూర ఎప్పుడు కోయాలో చెప్పాను. కానీ అసలు ఆ మడి ఎందుకు వేశామో కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. మా పెద్దపాపను అడిగాను. "నా పేరు లేకుండా రాయి మా" అంది. అందుకే ఇది రాతలో పెడుతున్నా.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నల్లరేగడిలో శనగ, జొన్న, కొర్ర వేస్తాం. ప్రొద్దుటూరులో చిన్న అంగడి పెట్టి కొర్రబియ్యం, గానుగ నూనె అమ్ముతాం. పాపకు ఇప్పుడు 14 నిండి 15 నడుస్తోంది. పన్నెండున్నరలో పెద్దమనిషి అయ్యింది. మొదటి ఏడాది పెద్ద ఇబ్బంది లేదు. తర్వాత యాభై, అరవై రోజులకొకసారి రావడం, వస్తే పది పన్నెండు రోజులు ఆగకపోవడం మొదలైంది. గంట గంటకూ ప్యాడ్ మార్చాలి. బడిలో లంగా తడిసిందని ఒకరోజు ఏడ్చుకుంటా వచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ వారం రోజులు బడి ఎగ్గొట్టేది.

మా అత్త, "నాకూ ఇట్లనే పోయేది. ఇద్దరు పిల్లోళ్లు పుట్టినాక సర్దుకోలేదా? డాక్టర్ల చుట్టూ తిప్పితే ఊర్లో ఏమనుకుంటారు మే?" అంది. ఆమెను తప్పు పట్టను. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. తప్పు నాది. చదువుకున్నదాన్ని, వ్యవసాయ డిప్లొమా చేసినదాన్ని. అయినా నా లెక్క ఏమిటంటే, ఎనిమిదేళ్లుగా చేనుకు మందు కొట్టలేదు, బిడ్డ ఒంట్లోకి మందు ఎందుకు పోయాలి? ధనియాల కషాయం, మెంతుల నీళ్లు, నువ్వులుండలు, బీట్‌రూట్ రసం. నాలుగు నెలలు అదే చేశాను.

మన భాషలో పురుగుకు కొట్టేదీ మందే, జబ్బుకు ఇచ్చేదీ మందే. ఆ ఒక్క మాట దగ్గర నేను దెబ్బతిన్నాను.

ఇంకో గుర్తు కళ్లెదుటే ఉన్నా పట్టుకోలేకపోయాను. అంగట్లో కూర్చున్నప్పుడల్లా పాప పచ్చి బియ్యం గుప్పెడు గుప్పెడు నోట్లో వేసుకునేది. చెల్లెలి బలపాలు కొరికేది. చెడ్డ అలవాటని కసిరాను. ఒంట్లో ఇనుము బాగా తగ్గినవాళ్లకు బియ్యం, మట్టి, బలపం, ఐసుముక్కల మీద యావ పుడుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మీ ఇంట్లో పిల్లలు అట్లా తింటుంటే తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

ఒకరోజు ప్రొద్దుటూరు బస్టాండులో మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి పడిపోయింది. దగ్గర్లో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. హిమోగ్లోబిన్ 7.4. ఈ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. ఆమె మొదట అడిగింది, "చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు?" నా దగ్గర జవాబు లేదు. ఏ కయ్యకు ఏ తేదీన ఘనజీవామృతం వేశానో నోటుబుక్కులో ఉంది. బిడ్డది లేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. నెల నెలా గర్భసంచి లోపల ఒక పొర పెరుగుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఊరి ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే హార్మోను తగ్గి, పొర మొత్తం ఒకేసారి రాలి నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. పెద్దమనిషి అయిన మొదటి ఏళ్లలో మెదడుకూ అండాశయాలకూ మధ్య ఆ సమన్వయం ఇంకా కుదరదు. కొన్ని నెలలు అండమే విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ ఉండదు, పొర మందంగా పెరుగుతూనే పోతుంది, చివరకు ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా, ఎక్కువగా పోతుంది. ఆలస్యం కావడం, ఎక్కువ కావడం రెండూ కలిసి రావడానికి కారణం ఇదే.

అట్లని ప్రతిదీ వయసు మీదికి నెట్టకూడదు. థైరాయిడ్ తేడా ఉండొచ్చు, పీసీఓఎస్ ఉండొచ్చు. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్న పిల్లల్లో కొందరికి అది మొదట బయటపడేది ఇట్లనే. ముక్కులోంచి తరచూ రక్తం, పన్ను పీకితే ఆగకపోవడం, తల్లికో మేనత్తకో కాన్పులో విపరీతంగా రక్తం పోవడం లాంటివి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మరి ఎంతవరకు మామూలు? మొదటి రెండు మూడేళ్లలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా భయం లేదు. ఏడు రోజుల లోపు ఆగాలి. రోజుకు మూడు నుంచి ఆరు ప్యాడ్లు సరిపోవాలి. ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, మూడు నెలలు అసలు రాకపోయినా చూపించాలి. కళ్లు తిరగడం, ఆయాసం, గుండెదడతో పాటు రక్తం ఆగకుండా పోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకంలో ప్రభుత్వ బడి పిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చారు. మంచి పనే. కానీ మా పాపకు అవి ఒక్కరోజుకు కూడా సరిపోయేవి కావు. అప్పుడైనా నాకు లెక్క తట్టాల్సింది.

స్కానింగ్ అనగానే ఇంట్లో గొడవ. "పెళ్లికాని పిల్లకు స్కానింగా?" అన్నారు. నీళ్లు బాగా తాగించి పొట్ట పైనుంచే చేస్తారు, అంతే. రక్తపరీక్షల్లో థైరాయిడ్, గడ్డకట్టే సమయం, ఇనుము నిల్వ చూశారు. మా పాపకు నిల్వ దాదాపు ఖాళీ, మిగతావి బాగున్నాయి. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్ర, మూడు నెలలు హార్మోను మాత్ర, రోజూ ఇనుము మాత్ర రాశారు. హార్మోను మాత్రతో రేపు పిల్లలు పుట్టరేమోనని మా అత్త భయపడింది. డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఇది గర్భసంచిని పాడుచేయదని ఓపికగా చెప్పింది. ఇవేవీ మందులంగట్లో సొంతంగా అడిగి తెచ్చుకునేవి కావు. ఏ పిల్లకు ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో పరీక్ష చూసినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు మన రైతుల భాషలో ఇనుము సంగతి. మా వైపు సున్నం ఎక్కువున్న నేలల్లో చెనిక్కాయ లేత ఆకులు తెల్లబడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, చూసే ఉంటారు. నేలలో ఇనుము ఉంటుంది, మొక్కకు అందదు. డిప్లొమాలో మాకు చెప్పిన మందు, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు. ఆ అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే. చాలా ఇనుము మాత్రల్లో ఉండేదీ ఫెర్రస్ సల్ఫేటే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు నా మొండితనం మీద నాకే నవ్వొచ్చింది. (చేనుకు తెచ్చిన అన్నభేది ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు, అది మనుషులు తినే శుద్ధిలో ఉండదు.)

నిమ్మఉప్పు ఎందుకు కలుపుతామో మాత్ర విషయంలోనూ అట్లాంటి కారణమే. పులుపుతో, విటమిన్ సితో ఇనుము బాగా ఒంటబడుతుంది. నేనేమో మొదటి వారం మాత్రను పాలు పోసిన రాగిమాల్టుతో ఇచ్చాను, బలం కదా అని. పాలలో, రాగుల్లో ఉన్న కాల్షియం, గింజల్లో ఉన్న ఫైటేట్లు, టీలో ఉన్న టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. ఇప్పుడు మాత్ర నిమ్మకాయ నీళ్లతో. మా అమ్మవాళ్లది పులివెందుల దగ్గర, చీనీ తోట ఉంది. కాయలున్న కాలంలో చీనీ రసంతో. సంగటి, పాలు, టీ రెండు గంటల తర్వాతే. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్ల. మలబద్ధకం చేస్తే మానేయకండి, డాక్టరుకు చెప్పి మార్పించుకోండి.

13-15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బెల్లం 100 గ్రాములు తిన్నా 5 మిల్లీగ్రాములు రాదు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది గానీ 100 గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఖాళీ అయిన నిల్వను తిండితోనే నింపాలంటే ఏళ్లు పడుతుంది. నింపేది మాత్ర. నింపినదాన్ని నిలబెట్టేది మన మడి: తోటకూర, మునగాకు, అలసందలు, నువ్వులు, వాటితో పాటు జామ, నిమ్మ. మేం మాంసం తింటాం కాబట్టి వారానికోసారి కార్జం, రోజూ నాటుకోడి గుడ్డు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర పారేయకుండా మింగుతున్నారో లేదో అడగండి. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా. ప్రైవేటుకు పోలేనివాళ్లకు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఉంది, కడపలో సర్వజన ఆసుపత్రి ఉంది.

ఆ రోజుల్లో మడిలోకి పోతే ఆకు వాడిపోతుందని మా ఇంట్లోనూ అనేవారు. పాప కోలుకున్నాక ఒక నెల మూడో రోజున తనే జీవామృతం కలిపింది. ఎప్పటిలాగే పులిసింది, అదే వాసన. మా అత్త మూత తీసి చూసి ఏమీ అనలేదు.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 10.9 అయ్యింది, ఆరో నెలకు 12.3. నిల్వ నిండేదాకా ఇంకో మూడు నెలలు మాత్ర వేసుకోమన్నారు. నెలసరి ఇప్పటికీ ఒక్కోసారి నలభై రోజులకు వస్తుంది, కానీ ఆరు రోజుల్లో ఆగుతోంది. విత్తనాల అంగడివాళ్లు ఇచ్చిన క్యాలెండరు తలుపు వెనక తగిలించాం. ప్యాడ్ పూర్తిగా తడిస్తే నిండు సున్నా, సగం తడిస్తే సగం సున్నా. మొదట్లో నేను రాసేదాన్ని. ఇప్పుడు తనే రాసుకుంటోంది, నన్ను చూడనివ్వదు. డాక్టరమ్మ దగ్గరికి పోయే రోజు మాత్రం చుట్టచుట్టి సంచిలో తనే పెట్టుకుంటుంది.