పసుపు జెర్సీకి గాలి చాటు

కొన్ని ప్రశ్నలు పక్కన పెడదామన్నా పక్కకు పోవు. 2025 టూర్ ద ఫ్రాన్స్ సైకిలు రేసును టీవీలో చూసిన ఒక పాఠకుడు ఇలా అడిగారు: "పొగాచర్‌ను మించిన మొనగాడు ఆ రేసులో లేడని అందరూ అంటున్నారు. మరి అంతటివాడు జూలై 14న పసుపు జెర్సీని ఓ ఐర్లాండు కుర్రాడికి ఎందుకు వదిలేశాడు? వదిలేసి అంత నిమ్మళంగా ఎలా ఉన్నాడు?"

దీనికి జవాబు పొగాచర్ కాళ్లలో సగమే దొరుకుతుంది. మిగతా సగం గాలిలో ఉంది.

ముందు రేసు సంగతి. మూడు వారాలు, 21 అంచెలు, దాదాపు 3,300 కిలోమీటర్లు. ఏ రోజు ఎంతసేపట్లో గమ్యం చేరారో రాసుకుని, ఆ సమయాలన్నీ కూడతారు. మొత్తం ఎవరిది తక్కువో పసుపు జెర్సీ వాళ్లది. ఇటలీలో ఇలాగే జరిగే జిరో రేసులో ఆ జెర్సీ గులాబీ రంగు. జట్టుకు ఎనిమిది మంది. అందులో ఏడుగురు తమ నాయకుడి కోసం చెమటోడ్చడానికే వస్తారు. ఇక బోనస్ సెకన్లు, చుక్కల జెర్సీ, ఆకుపచ్చ జెర్సీ వగైరాలు లేకపోయినా ఈ కథ నడుస్తుంది.

ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ బడికి వెళ్లినవాళ్లకు గాలి ఎంత గట్టి గోడో తెలుసు. ఆకు కదలని రోజున కూడా ఆ గోడ ఉంటుంది, సైకిలు తన వేగంతో తానే దాన్ని కట్టుకుంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు పెద్దగా తెలియదు. చదును రోడ్డు మీద 40 దాటాక మాత్రం తొక్కేవాడి శ్రమలో పదింట తొమ్మిది వంతులు గాలికే పోతాయి. చైను రాపిడి, టైర్ల రాపిడి, అన్నీ కలిపి ఆ మిగిలిన ఒక్క వంతు. పైగా ఇక్కడ ఘనం లెక్క పనిచేస్తుంది: గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 40 నుంచి 50కి వెళ్లాలంటే వేగం పెరిగేది నాలుగో వంతే, శక్తి మాత్రం దాదాపు రెట్టింపు కావాలి. 300 వాట్లతో 40లో పోగలిగే మంచి సైక్లిస్టును 50లో పొమ్మంటే 550 వాట్లు అడిగినట్టు. ప్రపంచంలో ఎంత గొప్ప సైక్లిస్టయినా అంత శక్తితో ఎక్కువసేపు తొక్కలేడు.

గాలికి మనిషంటే ఎందుకంత పగ? మన ఆకారమే కారణం. చేప వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, నీళ్లు దాని ఒంటిని అంటిపెట్టుకుని జారి తోక దగ్గర మళ్లీ కలుసుకుంటాయి. సైకిలు మీద వంగిన మనిషి అలా ఉండడు. గాలి అతని ఛాతీకి, భుజాలకు కొట్టుకుని అక్కడ పీడనం పెంచుతుంది. నడుము దాటాక ఒంటిని పట్టుకుని ఉండలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల చోట పీడనం పడిపోతుంది. అంటే ముందునుంచి తోపు, వెనకనుంచి లాగుడు. సైక్లిస్టు ప్రతి క్షణం ఈ రెంటితోనూ పెనుగులాడుతుంటాడు.

ఇప్పుడు ఆ సుడుల్లోకి రెండో సైక్లిస్టును తీసుకురండి. తన ముందు చక్రం ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో ఉంచాడనుకుందాం. అతని మీదికి వచ్చే గాలి ఆగి ఉన్న గాలి కాదు, ముందువాడు అప్పటికే తనతో ఈడ్చుకొస్తున్న గాలి. ఎదురయ్యే వేగం తక్కువ, ఛాతీ మీది పీడనమూ తక్కువ. 1970ల్లో చెస్టర్ కైల్ అనే అమెరికన్ ఇంజనీరు సైక్లిస్టులను ఇద్దరు, ముగ్గురు, నలుగురుగా వరసలో నడిపించి దీన్ని కొలిచాడు. వెనకవాడికి శ్రమ మూడో వంతు దాకా మిగులుతుందని తేలింది.

ముందున్నవాడు పాపం త్యాగమూర్తి అని, అతనికి దమ్మిడీ లాభం లేదని చాలాకాలం అందరూ అనుకున్నారు. అది తప్పు. వెనకవాడు వచ్చి ఆ తక్కువ పీడనం చోటును నింపేసరికి ముందువాణ్ణి వెనక్కి లాగే పట్టు కాస్త సడలుతుంది. లాభం కొద్ది శాతమే. కానీ కొద్ది సెకన్లతో గెలుపోటములు తేలే ఆటలో కొద్ది శాతం తక్కువేమీ కాదు.

అసలు పెద్ద తప్పు గుంపు విషయంలో జరిగింది. ఇద్దరు ముగ్గురి మీద చేసిన కొలతలనే సాగదీసి, వంద మంది గుంపు నడుమ ఉన్నవాడికి కూడా ఒంటరివాడు ఎదుర్కొనే గాలి నిరోధంలో సగమో, 70 శాతమో మిగిలి ఉంటుందని లెక్కలు కట్టేవారు. జట్ల వ్యూహాలకు ఆధారమైన కంప్యూటర్ లెక్కల్లోనూ ఇవే అంకెలు. ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్ట్ బ్లోకెన్‌కు ఇది మింగుడు పడలేదు. గుంపు మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ, పెడల్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు పోయే సైక్లిస్టులను చూస్తే ఆ అంకెలు నమ్మబుద్ధి కావు మరి. 2018లో ఆయన బృందం 121 మంది గుంపును సూపర్ కంప్యూటర్‌లో నిలబెట్టింది. వాళ్ల చుట్టూ గాలిని దాదాపు 300 కోట్ల గడులుగా కోసి ఒక్కో గడిలో ప్రవాహం లెక్కగట్టింది. అంతటితో ఊరుకోక నాలుగో వంతు సైజులో 121 బొమ్మలు చేయించి గాలి సొరంగంలో నిలబెట్టింది. బొమ్మల కొలువులాంటి ఆ వరసల ఫొటో ఒక్కసారి చూస్తే మరచిపోలేం.

రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాయి. గుంపు నడుమ, కాస్త వెనగ్గా ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం ఒంటరివాడికి తగిలేదానిలో 5 నుంచి 10 శాతమే. సగం కాదు, పదో వంతు! గుంపు 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే, లోపలున్నవాడి గాలి లెక్కలో అది 12 నుంచి 15 కిలోమీటర్ల వేగం. పాలు పోసి తిరిగొచ్చే సైకిలు కూడా అంతకంటే నెమ్మదిగా పోదు.

పసుపు జెర్సీ ఇల్లు అదే. అంచె పొడవునా నాయకుడు ఆ చాటున కూర్చుంటాడు. అతని జట్టువాళ్లు ముందు వరసలో గాలిని ఛాతీతో తోసుకుంటూ పోతారు. జెర్సీ ఎవరి ఒంటి మీద ఉంటే, గుంపును వదిలి ముందుకు పారిపోయినవాళ్లను తరిమి పట్టే బాధ్యత వాళ్ల జట్టుది. ఇది ఎక్కడా రాయని నియమం. ఆ ఏడుగురి కాళ్లు రోజూ అరుగుతాయి. దానికి తోడు సాయంత్రం నాయకుడికి వేదిక మీద సన్మానం, విలేకరుల ప్రశ్నలు, మందుల పరీక్ష. ఇవన్నీ అయ్యేసరికి మిగతావాళ్లు భోంచేసి కాళ్లు పట్టించుకుంటూ ఉంటారు.

పాఠకుడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. జూలై 14న ఆ ఐర్లాండు కుర్రాడు బెన్ హీలీ పొగాచర్ కంటే 3 నిమిషాల 55 సెకన్లు వెనక ఉండి, ముందుకు పారిపోయిన గుంపుతో కలిసి వెళ్లాడు. పొగాచర్ జట్టు తరమలేదు. సాయంత్రానికి హీలీ 29 సెకన్ల ఆధిక్యంతో జెర్సీ తొడుక్కున్నాడు. గాలిని తోసే పని కూడా జెర్సీతో పాటు అతని జట్టుకే వెళ్లింది. దీన్ని ఓటమి అనడం కంటే చేబదులు అనడం సబబు.

పారిపోయినవాళ్లను ఎప్పుడు పట్టుకోవచ్చో చెప్పే సూత్రం ఒకటి ఫ్రాన్సులో బాగా వాడుకలో ఉంది. పాత సైక్లిస్టు, టీవీ వ్యాఖ్యాత రోబేర్ షపాత్ పేరు మీద చెలామణి అవుతుంది: మిగిలిన ప్రతి 10 కిలోమీటర్లకు ఒక నిమిషం చొప్పున గుంపు వెనకబాటును పూడ్చుకోగలదని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. గాలివాటం మారినా, పారిపోయినవాళ్లలో బలమైనవాళ్లున్నా, తరిమేవాళ్లకు మనసు లేకపోయినా ఈ సూత్రం గంగలో కలుస్తుంది. అయినా వ్యాఖ్యాతలు దాన్ని వదలరు.

మరి జెర్సీ నిజంగా చేజారేది ఎక్కడ? చాటు దొరకని చోట.

మొదటిది కొండ. 2024 జూలై 14న టూర్‌లో ప్లాటో ద బెయ్ అనే కొండ మీద పొగాచర్ 15.8 కిలోమీటర్ల ఎక్కుడు దారిని 40 నిమిషాల లోపే ఎక్కాడు. సగటు వాలు 7.9 శాతం. 1998లో సైక్లిస్టు పంతానీ నెలకొల్పిన రికార్డు కంటే మూడు నిమిషాలకు పైగా తక్కువ. 66 కిలోల మనిషి, సుమారు 7 కిలోల సైకిలు, మంచినీళ్ల సీసా, బట్టలు లెక్కేసుకుంటే అతని శక్తిలో ఎనభై శాతానికి పైగా భూమ్యాకర్షణే మింగేసింది. గాలికి దక్కింది సుమారు పదో వంతు. ఆ పదో వంతులో చాటు వల్ల ఎంత మిగిలినా ఒరిగేది స్వల్పం. కొండ మీద ఎవరి బరువు వాళ్లే మోయాలి, ఏడుగురు తోడున్నా ఒకటే, లేకున్నా ఒకటే. పొగాచర్‌లాంటివాడు రేసును తన గుప్పిట్లో పెట్టుకోగలిగేది అందుకే. అదే ఏడాది జిరోలో రెండో రోజున తొడిగిన గులాబీ జెర్సీని చివరిదాకా విప్పకుండా 9 నిమిషాల 56 సెకన్ల తేడాతో గెలిచాడు.

అయినా చిత్రం చూడండి. ప్లాటో ద బెయ్ మీద ముందు దాడికి దిగింది అతని ప్రత్యర్థి వింగెగార్డ్. పొగాచర్ అతని చక్రం పట్టుకుని దాదాపు 5 కిలోమీటర్లు వెనకే కూర్చుని, ఆ తర్వాత దాటేశాడు. కొండలు ఎక్కే వేగం పెరిగేకొద్దీ గాలి కొండల మీద కూడా తన వాటా అడగడం మొదలెడుతుంది. ఆ స్వల్పాన్ని కూడా వదులుకోని గడసరి అతను.

కొండకూ చదునుకూ మధ్య రకం ఒకటుంది, అది మరీ ప్రమాదకరం. 2025 మే 31న జిరోలో 20వ అంచె. గులాబీ జెర్సీ 21 ఏళ్ల మెక్సికో కుర్రాడు ఇసాక్ దెల్ తోరోది. 43 సెకన్ల వెనక ఈక్వడార్‌కు చెందిన రిచర్డ్ కరాపాజ్, 1 నిమిషం 21 సెకన్ల వెనక ఇంగ్లండువాడు సైమన్ యేట్స్. దారిలో కోలె దెల్లె ఫినెస్ట్రె: 18.5 కిలోమీటర్లు, 9.2 శాతం వాలు, పై సగం దాదాపు కంకర రోడ్డే. యేట్స్ కింది మలుపుల్లోనే బయటపడ్డాడు. దెల్ తోరో కరాపాజ్ వంక చూశాడు, కరాపాజ్ దెల్ తోరో వంక చూశాడు. "నువ్వు లాగు, నేను వెనక వస్తా" అని ఇద్దరి ముఖాల్లోనూ రాసి ఉంది. శిఖరం చేరేసరికి యేట్స్ ఆధిక్యం ఇంకా రెండు నిమిషాల లోపే.

అసలు కథ కొండ దిగాక. పొద్దున్నే ముందుకు పారిపోయిన గుంపులో యేట్స్ జట్టుకే చెందిన వౌట్ వాన్ ఆర్ట్ ఉన్నాడు, బలిష్ఠుడు, పొడగరి. లోయలో వేగం తగ్గించుకుని యేట్స్ కోసం ఆగాడు. అక్కణ్ణుంచి సెస్ట్రియెరె వైపు వాలు సగటున 3.8 శాతమే. పేరుకు కొండ, గాలి లెక్కలో సగం చదును. అక్కడ గంటకు 32 కిలోమీటర్లతో ఎక్కేవాడి శ్రమలో మూడో వంతుకు దగ్గరగా గాలికే పోతుంది. వాన్ ఆర్ట్ వీపు చాటున యేట్స్ ఆ భాగాన్ని సగానికి సగం ఎగ్గొట్టాడు. వెనక ఇద్దరు మొనగాళ్లు మాత్రం ఒకరికొకరు చాటివ్వడం ఇష్టంలేక దాదాపు నిలబడిపోయారు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినట్టయింది: గమ్యం దగ్గర తేడా 5 నిమిషాలు దాటింది, యేట్స్ జిరోను 3 నిమిషాల 56 సెకన్లతో గెలిచాడు. 2018లో 13 రోజులు గులాబీ జెర్సీ తొడిగిన ఇదే యేట్స్, ఇదే ఫినెస్ట్రె ఉన్న అంచెలో 38 నిమిషాలు పోగొట్టుకున్నాడు. ఆనాడు 80 కిలోమీటర్లు ఒంటరిగా పారిపోయి జెర్సీ ఎగరేసుకుపోయినవాడు అతని ప్రత్యర్థి ఫ్రూమ్.

రెండో చోటు పక్కగాలి. గాలి పక్కనుంచి వీస్తే చాటు వెనక ఉండదు, ఏటవాలుగా పక్కకు జరుగుతుంది. సైక్లిస్టులు విసనకర్ర పుల్లల్లా రోడ్డుకు అడ్డంగా పరచుకుంటారు. రోడ్డు వెడల్పులో ఎంతమంది పడితే అంతమందికే చాటు. మిగిలినవాళ్లు రోడ్డంచున గాలిని ఎవరికి వాళ్లు తినాలి. 2020 టూర్‌లో పొగాచర్ అలా ఒక్క రోజులో 1 నిమిషం 21 సెకన్లు కోల్పోయాడు.

మూడోది టైమ్ ట్రయల్, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రోజు. చాటు నిషేధం. అదే 2020 టూర్‌లో పసుపు జెర్సీ తొడిగిన రోగ్లిచ్ జట్టు రెండు వారాల పాటు గుంపు ముందు గోడలా నిలిచి 57 సెకన్ల ఆధిక్యాన్ని కాపాడుకొచ్చింది. చివరి రోజుకు ముందు రోజున 36.2 కిలోమీటర్ల ఒంటరి పరుగులో ఆ గోడ ఎందుకూ కొరగాలేదు. పొగాచర్ రోగ్లిచ్‌ను 1 నిమిషం 56 సెకన్లతో కొట్టాడు. మర్నాడు పారిస్‌లో టూర్ గెలిచాడు, ఆ మర్నాడు అతనికి 22 ఏళ్లు నిండాయి. 1989 టూర్‌లో పసుపు జెర్సీలో ఉన్న ఫిన్యోన్‌కూ ఇదే గతి: 50 సెకన్ల ఆధిక్యంతో ఆఖరి రోజు బయల్దేరి, గాలిని చీల్చే కొత్తరకం హ్యాండిల్ బిగించుకున్న లెమాండ్ చేతిలో 8 సెకన్లతో ఓడాడు. ఫిన్యోన్ తల మీద టోపీ లేదు, వెనక పిలక ఎగురుతోంది. ఆ పిలకే కొంప ముంచిందని ఇప్పటికీ అంటారు. పిలకను తిట్టడం తేలిక కాబట్టి అంటారు, అసలు లాభం ఆ హ్యాండిల్ మీద చేతులు దగ్గరగా ముడుచుకోవడంలో ఉంది.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు "దీనివల్ల ఉపయోగమేమిటి?" అని అడగక మానరు. లారీలను వరసగా, దగ్గర దగ్గరగా నడిపితే డీజిలు మిగులుతుందని పరీక్షలు జరిగాయి. మిగలనీయండి. లారీ వెనక సైకిలు తొక్కి ఇది నిజమో కాదో చూద్దామని మాత్రం ఎవరూ బయల్దేరవద్దు, దాని బ్రేకు మీకు చెప్పి పడదు.

ఇక పాఠకుడి ప్రశ్నలో మిగిలిన సగం. జెర్సీ వదిలేశాక పొగాచర్ ఎందుకంత నిమ్మళంగా ఉన్నాడంటే, మరో రెండు అంచెల తర్వాత ఒటకామ్ ఉంది: 13.5 కిలోమీటర్లు, 7.8 శాతం. మధ్యలో ఒక రోజు తులూజ్‌లో కింద పడ్డాడు. ప్రత్యర్థులు ఆగి అతను లేచి వచ్చేదాకా చూశారు. మర్నాడు జూలై 17న ఒటకామ్ మీద, ఎవరి చాటూ ఎవరికీ పెద్దగా పనికిరాని ఆ వాలులో, వింగెగార్డ్ కంటే 2 నిమిషాల 10 సెకన్లు ముందు చేరాడు. హీలీ పది నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. చేబదులు ఇచ్చిన జెర్సీ ఆ సాయంత్రమే తిరిగొచ్చింది.