పాత ఆటయంత్రమును బాగుచేయుట

నాణెము వేసి ఆడెడు ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను యంత్రమును 1978లో జపానునందు టైటో సంస్థ వెలువరించెను. అట్టి పాత పెట్టెను ఇంటియొద్ద బాగుచేయు విధమును మనవి చేసెదను.

విద్యుత్తు తీగను ఊడదీసినంతమాత్రమున అపాయము తొలగదు. బొమ్మ కనబడు గాజుగొట్టమునందు వేలకొలది వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును. దానిని తొలగింప నేర్చినవారు దగ్గర లేనిదే నేను పెట్టె వెనుక చేయి పెట్టను. పిమ్మట ఎండిపోయిన కెపాసిటర్లను మార్చి, వీడిన అతుకులకు టంకము వేయవలెను.

పెంకుటింటిని బాగుచేయునపుడు చివికిన వాసములనే మార్చుదుము గదా! ఇచ్చటను అంతియే. తొలి యంత్రముల తెర నలుపు తెలుపులది. రంగులు పైనున్న రంగుపట్టీలవలన కలిగినవి. మాసినవని వానిని పారవేసినచో ఆనాటి ఆట మరల కానరాదు. మెల్లగా తుడిచి, వానినే నిలుపుకొనవలెను.