మంచుపలక కింద చేప ఎక్కడ?

"నీరు గడ్డకడితే అందులోని చేపలు ఏమవుతాయి మాస్టారూ?" అని తరగతిలో ఎవరో ఒకరు ప్రతి సంవత్సరమూ అడుగుతారు. దీనికి జవాబు చెప్పగల సరస్సు ఒకటి కెనడాలో ఉంది.

టొరంటో నగరానికి ఉత్తరాన ఉన్న సిమ్‌కో సరస్సు విస్తీర్ణం సుమారు 720 చదరపు కిలోమీటర్లు. చలి ముదిరి నీటి పైభాగం గట్టిగా గడ్డకట్టాక, జనం దానిమీద నడిచివెళ్లి, పెద్ద బర్మాతో జానెడు రంధ్రం చేసి, గాలం వేస్తారు. వారు కోరే చేపల్లో ఒకటి ఎల్లో పర్చ్. పసుపుపచ్చని ఒంటిమీద నల్లని నిలువు పట్టెలుంటాయి. అంత పెద్ద సరస్సులో జానెడు రంధ్రం ఎక్కడ చేయాలి?

నీటికి 4 డిగ్రీల సెల్సియస్ వద్ద సాంద్రత అత్యధికమని మీరు చదివే ఉంటారు. అంతకంటె చల్లబడిన నీరు తేలికై పైకి చేరుతుంది. అందుచేత మంచుపలకను ఆనుకొన్న నీరు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటే, అడుగునీరు కాస్త వెచ్చగా ఉంటుంది. పర్చ్‌లు చలికాలంలో ఎక్కువగా అడుగును అంటిపెట్టుకొనే తిరుగుతాయి.

అయితే సరస్సు అడుగు పళ్లెంలా చదునుగా ఉండదు. వాలులు, దిబ్బలు, మొక్కలు పెరిగిన మేటలు ఉంటాయి. చలికాలం మొదట్లో పర్చ్‌లు పచ్చని నీటిమొక్కల అంచున గుంపులుగా చేరతాయి. పలుచని మంచులోంచి వచ్చే వెలుతురుతో ఆ మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి. చిన్న పురుగులు వాటిలో దాగి ఉంటాయి. సిమ్‌కో దక్షిణాన ఉన్న కుక్స్ బే అటువంటి చోటే.

పైన మంచు కురిసి పేరుకొంటే వెలుతురు ఆగిపోతుంది. మొక్కలు చచ్చి కుళ్లుతాయి. కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకొంటుంది. పైనుంచి గాలి చేరే దారి లేదు. లోతులేని చిన్న కుంటల్లోనైతే చేపలు మూకుమ్మడిగా చనిపోవడమూ కద్దు. పెద్ద సరస్సులో పర్చ్‌లు వాలు దిగి, గట్టినేల బురదను కలిసే చోటికి పోతాయి. దోమను పోలిన చిన్న ఈగల డింభకాలు ఆ బురదలో దొరుకుతాయి. పర్చ్ కంటితో చూసి వేటాడుతుంది గనుక చీకటి పడితే అడుగున కదలక ఉంటుంది. అందువల్ల జాలరి పగటివేళ వాలు పొడవునా వరసగా రంధ్రాలు చేసి వెతుకుతాడు.

లోతు తెలియడానికి దారానికి కట్టిన సీసపు గుండు చాలు. ప్రతిధ్వని యంత్రమూ ఉంది. ఆ చల్లని నీటిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 1,420 మీటర్లు. ప్రతిధ్వని సెకనులో నూరోవంతుకు తిరిగివస్తే, రానూపోనూ దూరం 14 మీటర్లు. లోతు 7 మీటర్లన్నమాట. చేప పొట్టలోని గాలితిత్తి కూడా ధ్వనిని తిప్పికొట్టి దాని ఉనికిని బయటపెడుతుంది.

ఆ గాలితిత్తే చేపకు ప్రమాదమూ తెస్తుంది. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలంపై ఉన్నదానికి రెట్టింపు. పర్చ్ గాలితిత్తిలోంచి వాయువు వెంటనే బయటికి పోయే గొట్టం లేదు. గబుక్కున పైకి లాగితే అది ఉబ్బిపోతుంది. అటువంటి చేపను తిరిగి నీటిలో వదిలినా బతకకపోవచ్చు. తెలిసినవారు తినడానికి కావలసినన్ని పట్టి, లోతులో గాలం వేయడం మానేస్తారు.

మనిషికీ జాగ్రత్త అవసరమే. నడవాలంటే కొత్తగా కట్టిన స్వచ్ఛమైన మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలి. తెల్లని మంచుకు బలం తక్కువ. అడుగున ప్రవాహమున్న చోట పలక పలుచబడుతుంది. ఒకచోట కొలిచి అంతటా అంతే అనుకోకూడదు.

ఇక మీకో లెక్క: ప్రతిధ్వని సెకనులో యాభయ్యోవంతుకు వస్తే చేప ఎంత లోతున ఉంది? దాన్ని పైకి లాగవచ్చునా?