చుట్లు తప్పితే మోటారు కాలుతుంది

నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో అమరావతి దగ్గర మా బాబాయి మిరపతోటకి కృష్ణలోంచి మోటారుతో నీళ్లు తోడేవాళ్లం. తోట పూతమీదుండగా మోటారు కాలింది. బాగుచేయించి తెచ్చి బిగిస్తే పూట గడవకుండానే మళ్లీ పొగ! రెండోసారి వేరే షాపులో ముసలి మేస్త్రి కాలిన చుట్టను విప్పి, ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి, "చుట్లు తగ్గించి చుట్టార్రా అబ్బాయ్, అందుకే కాలింది" అన్నాడు. "తీగ కాస్త తగ్గితే ఏమవుతుందిలే" అనుకున్నాను. ఏమవుతుందో తర్వాత లేబొరేటరీలో అర్థమైంది.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. అదే తీగని చుట్టగా చుడితే ప్రతి చుట్టు తాలూకు అయస్కాంత క్షేత్రమూ పక్కదానితో కలుస్తుంది. అర మీటరు పొడవున వెయ్యి చుట్లు చుట్టి 2 ఆంపియర్లు పంపితే లోపల సుమారు 50 గాస్‌ల క్షేత్రం వస్తుంది. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 0.4 గాస్. అంటే నూరు రెట్లకు పైమాటే! మధ్యలో ఇనుము పెడితే ఇంకా ఎన్నో రెట్లు.

క్షేత్రం మారితే చుట్టలో వోల్టేజి పుడుతుందని 1831లో ఫారడే చూపాడు. ఆ వోల్టేజి మార్పుని ఎదిరిస్తుందని 1834లో లెంజ్ చెప్పాడు. మరి చుట్ట తన క్షేత్రంలోనే తాను ఉంది కదా! కాబట్టి తన కరెంటు మారబోతే తానే అడ్డుపడుతుంది. ఇదే స్వయంప్రేరణ. దీని కొలత ప్రేరకత్వం. జోసెఫ్ హెన్రీ పేరుమీద దాని ప్రమాణం హెన్రీ. బరువెత్తిన ఎడ్లబండి లాంటిదన్నమాట: కదలమంటే కదలదు, కదిలాక ఆగమంటే ఆగదు. స్విచ్చి తీసినప్పుడు వచ్చే నిప్పురవ్వ ఆ "ఆగను" అనడమే. హాస్టలు గదుల్లో చాలాకాలం వెలిగిన ట్యూబులైట్లను చోక్ వెలిగించింది కూడా ఈ మొండితనంతోనే.

ఇక అసలు సంగతి. చుట్లు రెట్టింపు చేస్తే క్షేత్రం రెట్టింపు. ఆ రెట్టింపు క్షేత్రం రెట్టింపు చుట్లగుండా పోతుంది. రెండు రెళ్లు నాలుగు! ప్రేరకత్వం చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు, అంటే నూరుసార్లు దిశ మారుతుంది. మోటారు తీగ నిరోధం చాలా తక్కువ. కరెంటుని హద్దులో ఉంచేది ముఖ్యంగా చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజే. నూటికి పది చుట్లు తగ్గిస్తే ప్రేరకత్వం 81 వంతులకి పడిపోతుంది. క్షేత్రం కోసం మోటారు లాగే కరెంటు సుమారు 23 శాతం పెరుగుతుంది. ఇనుము అప్పటికే సంతృప్త స్థితికి దగ్గరగా ఉంటే ఇంకా పెరుగుతుంది. తీగ వేడెక్కి, పైపూత మాడి, చుట్టుకి చుట్టు తగిలి పొగ! మిగిల్చిన తీగ విలువ రూపాయల్లో. పోయిన పూత విలువ ఒక ఏటి కాపు.

అమరావతికి ఎగువన నాగార్జునసాగర్‌లో ఇదే సూత్రం కొండంత రూపంలో ఉంది. ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అక్కడి ఎనిమిది యూనిట్లలో ఏడు, కరెంటు ఇవ్వడమే కాదు, తిరగేసి నడిపితే నీటిని వెనక్కి జలాశయంలోకి ఎత్తగలవు. చుట్ట ఒకటే, శక్తి ఏ వైపునుంచి వస్తే ఆ పని.

మేస్త్రికి వర్గసూత్రం తెలియదు, లెక్కపెట్టడం తెలుసు. నాకు సూత్రం తెలిసింది గాని, అప్పటికి లెక్కపెట్టాలని తెలియలేదు. ఆ రెండూ ఒకచోట చేరితేనే చదువు.