చుట్టాలకు పొద్దుటి పలహారం ఒకే తాంబాళంలో: వండినవాళ్లూ కలిసి కూర్చునే పద్ధతి

ఆడి కృత్తిక వస్తే నగరి, పుత్తూరు వైపు చుట్టాలు తిరుత్తణి కొండకు వెళ్తూనో, దిగి వస్తూనో మన ఇళ్లకు వస్తారు. కాట్టుపల్లి, మీంజూరు, పొన్నేరి వైపు ఇళ్లకైతే తడ, సూళ్లూరుపేట నుంచి రాకపోకలు ఎక్కువ. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. రాష్ట్రం మారినా పెళ్లి సంబంధాలు, పేరంటాలు ఆగలేదు. అందుకే మన ఇళ్లలో పొద్దున ఎనిమిదింటికి ఎనిమిది మంది చుట్టాలు దిగడం కొత్తేమీ కాదు.

వాళ్లకు పలహారం పెట్టే తీరు మాత్రం అన్ని ఇళ్లలో ఒకటే. ముందుగదిలో మాటలు సాగుతుంటాయి. వంటింట్లో అత్తమ్మో, వదినో పెనం ముందు నిలబడి ఒక్కొక్క దోసె పోసి పంపుతుంటారు. అందరూ తిని చేతులు కడిగాక ఆమె పళ్లెం ముందు కూర్చుంటుంది. అప్పటికి చుట్టాలు బయలుదేరే వేళ అవుతుంది.

ఇందులో మనం పోగొట్టుకునేది ఆమె విశ్రాంతి ఒక్కటే కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో బడిలో తమిళం ఏటేటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ పదో తరగతి దాకా వచ్చింది. చాలామంది పిల్లలకు తెలుగు ఇక ఇంటి మాటే. చుట్టాలు వచ్చిన పూట ఆ మాట ఇంట్లో నిండుగా వినిపిస్తుంది. ఇంట్లో మంచి తెలుగు మాట్లాడే మనిషే ఆ వేళ వంటింట్లో ఉండిపోతే పిల్లలకు ఆ మాట సగమే చెవిన పడుతుంది.

అన్నీ ఒకేసారి పరిచి అందరూ చుట్టూ కూర్చుని వడ్డించుకునే పద్ధతి దీనికి మంచి ఉపాయం. ఇంగ్లీషు వాళ్లు దీన్ని గ్రేజింగ్ బోర్డు అంటున్నారు. గ్రేజింగ్ అంటే మేయడం కాబట్టి ఆ పేరు మనకు నవ్వు తెప్పించవచ్చు. తుర్కీలో మాత్రం పొద్దుటి పలహారాన్ని ఎప్పటినుంచో ఇలాగే చిన్నచిన్న గిన్నెల్లో పరుస్తారు. దాన్ని కహ్వాల్తి అంటారు, కాఫీకి ముందు తినేది అని అర్థం. మనకు చెక్క పలక కొనే పని లేదు. ఇంట్లో ఉన్న పెద్ద తాంబాళం మీద అరిటాకు పరిస్తే చాలు. తాంబాళం ఇత్తడిదైతే పులుపు తగిలి కిలుం పడుతుంది కాబట్టి చట్నీలు, పెరుగు స్టీలు గిన్నెల్లోనే పెట్టాలి.

ఏవి పెట్టాలి, ఏవి వద్దు

చల్లారినా రుచి చెడనివి ఎంచుకోవడమే ఇందులో అసలు సూత్రం. దోసె, పెసరట్టు, పూరీ పెనం దిగిన ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. ఉప్మా గట్టిపడుతుంది. ఇవి ఈ పద్ధతికి సరిపడవు. ఎనిమిది మందికి ఇవి చాలు:

పొడి ఇడ్లీలు: చిన్న ఇడ్లీలు 48. వేడి మీదనే నాలుగు పెద్ద చెంచాల ఇడ్లీ పొడి, మూడు పెద్ద చెంచాల నువ్వుల నూనె కలిపితే ఎండిపోవు, ఒకదానికొకటి అంటుకోవు.

గుంత పొంగనాలు: 24. సగం ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసినవి, సగం బెల్లం, కొబ్బరి వేసినవి.

ఆవడలు: 12. వేయించిన గారెలను రెండు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో వేసి, తీసి పిండి, తాలింపు పెట్టిన పెరుగులో నానబెట్టాలి. ఇవి చల్లగా ఉంటేనే రుచి.

చట్నీలు: వేరుశనగ, కొబ్బరి, అల్లం. ఒక్కొక్కటి ఒక గిన్నెడు.

పండ్లు: అరటి ఎప్పుడూ ఉంటుంది. మామిడి కాలంలో బంగినపల్లి, ఎండాకాలంలో తాటి ముంజలు, మిగతా రోజుల్లో జామ.

ఇడ్లీలకు, పొంగనాలకు ఒకే పిండి సరిపోతుంది. రెండు గ్లాసుల ఇడ్లీ బియ్యం, అర గ్లాసు మినప్పప్పు, ఒక చిన్న చెంచా మెంతులు నానబెట్టి రుబ్బాలి. గ్లాసంటే ఇక్కడ 200 గ్రాములు పట్టేది. ఎండాకాలంలో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పిండి పులుస్తుంది. మార్గళి, తై నెలల్లో 12 గంటలు పట్టవచ్చు. ఆవడలకు మినప్పప్పు వేరుగా నానబెట్టి, నీళ్లు పోయకుండా గట్టిగా రుబ్బుకోవాలి.

కృత్తిక నాడు ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్లు ఉంటారు. ఉల్లి వేసిన పొంగనాలను తాంబాళంలో కలపకుండా వేరే పళ్లెంలో ఉంచాలి. చక్కెర జబ్బు ఉన్న పెద్దల కోసం బెల్లం పొంగనాలు కూడా ఒక పక్కకు ఉంటే మంచిది. మామూలు రోజుల్లో ఇడ్లీకి ముందు రోజు చేపల పులుసు కావాలనేవాళ్లుంటే, దాన్ని బాగా మరిగించి, మూత పెట్టిన గిన్నెలో దూరంగా ఉంచండి.

ఎంగిలి మాట

ఈ పద్ధతి గురించి చెబితే పెద్దవాళ్లు మొదట అడిగేది ఇదే. ఒకే తాంబాళంలో పది చేతులు పడితే ఎంగిలి కాదా? అడగడం న్యాయమే. దీనికి రెండు నియమాలు పెట్టుకోవాలి. ప్రతి పదార్థానికీ ఒక గరిటో, చెంచానో, చిన్న పటకారో ఉండాలి. ప్రతి ఒక్కరికీ సొంత పళ్లెం ఉండాలి. తాంబాళంలోంచి పళ్లెంలోకి వడ్డించుకుని, తినడం పళ్లెంలోనే. చట్నీ గిన్నెలో ఇడ్లీ ముంచకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. మడి పాటించే పెద్దలుంటే వాళ్ల పళ్లెం ముందుగా వడ్డించి పక్కన పెట్టండి. వాళ్లూ అందరితో పాటే కూర్చోవచ్చు, చిన్నబుచ్చుకునే అవసరం ఉండదు.

ఎండ, ఉక్క, గాలి

వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రత నియమం. వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన జిల్లాలో చాలా నెలలు ఆ ఒక్క గంట లెక్కే పెట్టుకోవాలి. ముందుగా పాడయ్యేవి కొబ్బరి చట్నీ, పెరుగు, కోసిన పండ్లు. వీటిని సగం తాంబాళంలో పెట్టి, మిగతా సగం ఫ్రిజ్‌లో ఉంచండి. అయిపోయాక కొత్త గిన్నె తేవాలి కానీ పాత గిన్నెలోనే పోయకూడదు.

ఊరిని బట్టి కూడా జాగ్రత్తలు మారతాయి. కాట్టుపల్లి ఒక పక్క సముద్రం, ఒక పక్క బకింగ్‌హాం కాలువ ఉన్న చోటు. ఆ తేమ గాలికి మురుకులు, అప్పడాలు చూస్తుండగానే మెత్తబడతాయి. డబ్బా మూత చివర్లో, అందరూ కూర్చున్నాకే తీయాలి. తిరుత్తణి వైపు పొడి ఎండకు ఇడ్లీలు పైన ఎండిపోతాయి. అక్కడ వడ్డించేదాకా తడిపి పిండిన గుడ్డ కప్పి ఉంచాలి.

గడియారం లెక్క

చుట్టాలు ఎనిమిదింటికి వస్తారనుకుందాం. ముందు రోజు సాయంత్రమే పిండి రుబ్బి, ఇడ్లీ పొడి కొట్టి, అరిటాకు కడిగి పెట్టుకోవాలి. పొద్దున ఆరున్నరకు గారెలు వేయించి, పెరుగులో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏడింటికి ఇడ్లీ, పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది. ఏడుంపావుకు పొంగనాల పెనం పొయ్యి మీదకు ఎక్కాలి. ఏడూ నలభైకి చట్నీలకు తాలింపు. పండ్లు అన్నిటికన్నా చివర కోయాలి. ఎనిమిదింటికి పొయ్యి ఆపాలి. ఆ తర్వాత కాఫీకి తప్ప మళ్లీ వెలిగించకూడదని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ఎవరో ఒకరు ‘ఒక్క వేడి దోసె’ అని అడిగితే పద్ధతి మొత్తం మొదటికి వస్తుంది. మగవాళ్లు, పిల్లలు ఆకు సర్దడం, పండ్లు కోయడం, గిన్నెలు నింపడం పంచుకుంటే చివరి అరగంట తేలికవుతుంది.

పేర్లు పిల్లలు రాయాలి

ఇంకో చిన్న పని పిల్లలకు అప్పజెప్పమని మేము కోరుతున్నాం. ప్రతి గిన్నె పక్కన చిన్న చీటీ మీద దాని పేరు తెలుగులో రాసి పెట్టనివ్వండి. బడిలో తయిర్ వడై, కుళి పణియారం అని వినే పిల్లలు ఇంట్లో ఆవడ, గుంత పొంగనాలు అని రాస్తారు. తమిళం పేరు తప్పని కాదు, రెండూ తెలియడం మనకు లాభమే. తెలుగు అక్షరాలు రానివాళ్లకు అవ్వో, తాతో పక్కన కూర్చుని రాయిస్తారు. ఆవడలో ‘డ’ ఎలా ఉంటుంది, పొంగనాల్లో సున్నా ఎక్కడ పెట్టాలి అని అడిగితే చెప్పడానికి అమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంటుంది.

ఈసారి చుట్టాలు వస్తున్నామని ఫోన్ చేయగానే ముందు రోజే పిండికి నానబెట్టండి. పెద్ద తాంబాళం అటక మీద ఉంటే దించి తోముకోండి. పళ్లేలు లెక్కపెట్టేటప్పుడు వండేవాళ్ల పళ్లెం కూడా ఆ లెక్కలోనే వేయండి.