బుష్ గట్టిదైతే బండి బాగుపడుతుందా?

మల్లాపూర్ మండలంలో తిరిగే కారుకు నున్నటి రోడ్డు ఒక్కటే రాసిపెట్టి లేదు. నాట్ల కాలంలో కేజీ వీల్స్ విప్పకుండానే రోడ్డెక్కే దమ్ము ట్రాక్టర్లు గీరి వదిలిన ఊరి దారులు, గల్లీకొక స్పీడ్‌బ్రేకరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి, ఆపైన గల్ఫ్‌కు పోయేవాళ్లను రాత్రికి రాత్రే శంషాబాద్ విమానాశ్రయంలో దించే రెండు వందల కిలోమీటర్లకు పైబడిన పరుగు, అన్నీ ఒకే బండికి. ముందు చక్రాల దగ్గర కట్‌కట్‌మని చప్పుడు మొదలైతే మెకానిక్ ముందుగా అనుమానించేది, చక్రాన్ని బండి అడుగుకు కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లనే. ఇక అక్కడ రెండు దారులు: కంపెనీ రబ్బరు బుష్, లేదా ఎర్రగానో పసుపుగానో మెరుస్తూ ఎన్నేళ్లయినా అరగదన్న పేరుతో వచ్చే పాలీయురేథేన్ బుష్. మన రోడ్లు గట్టివి కావు గనుక బుష్ గట్టిదైతే మేలన్న లెక్క వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో బుష్ చేసే పనే తప్పిపోయింది.

రబ్బరు బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక చిన్న గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. చక్రం గుంతలో పడి లేచినప్పుడు బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. లోపలి గొట్టం బోల్టు బిగింపుతో కదలదు. ఆ తేడానంతా రబ్బరు మెలితిరిగి భరిస్తుంది, మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఏదీ దేనిమీదా రాసుకోదు కాబట్టి గ్రీజు అక్కర్లేదు, దుమ్ము దూరే సందు లేదు. పాత అంబాసిడర్ ముందు చక్రాల దగ్గర నిపుల్స్‌లో గ్రీజు ఎన్నిసార్లు నింపాల్సి వచ్చేదో తెలిసినవాళ్లకు ఈ సుఖం విలువ తెలుసు. పైగా రబ్బరు మెలితిరగడమే కాదు, కొంచెం ముందుకు వెనక్కీ జరుగుతుంది, వాలుతుంది. ఎటు ఎంత ఒదగాలో చూసుకునే కంపెనీ ఇంజనీర్లు కొన్ని బుష్‌లలో కావాలనే ఖాళీలు వదులుతారు. వాటిని చూసి రబ్బరు పొదుపు చేశారనుకునేవాళ్లూ లేకపోలేదు.

పాలీయురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. గట్టిదనాన్ని కొలిచే షోర్ ఎ కొలతలో సస్పెన్షన్ రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 దాకా ఉంటే, పాలీ బుష్‌లు 80 నుంచి 95 దాకా పోతాయి. ఆయిల్ పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పాలీ బాగా తట్టుకుంటుంది. రేసు బండికి ఇది వరమే. మలుపులో చక్రం కోణం పెద్దగా మారదు, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. అయితే మామూలుగా దొరికే పాలీ బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని మీద జారుతూ తిరుగుతుంది. అంటే గ్రీజు కావాలి. పొలం దారి బురద, ఎండాకాలపు దుమ్ము ఆ సందులోకి చేరితే కీచుమంటుంది, గొట్టాన్ని గీరుతుంది. అన్ని వైపులా ఒదగాల్సిన చోట గట్టి బుష్ ఒదగక మొరాయిస్తే ఆ దెబ్బ బోల్టుకు, బ్రాకెట్‌కు, చివరికి బాడీకి చేరుతుంది. శంషాబాద్ దాకా వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు దాని సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పాలీ వేయించినవాళ్లు బండి బిగువుగా ఉందంటారు కదా, అది అబద్ధమా? కాదు. కానీ వాళ్లు పోల్చేది కొత్త పాలీని చిరిగిపోయిన పాత రబ్బరుతో. కొత్త రబ్బరు వేసినా ఆ బిగువులో చాలా భాగం తిరిగొస్తుంది. మరి రబ్బరు ఏడాది తిరక్కుండానే పోతోందన్న ఫిర్యాదు? ఇక్కడ నేరం చాలాసార్లు బిగింపుది. బండిని పైకి లేపి, ఆర్మ్ కిందికి వేలాడుతుండగానే నట్టు పూర్తిగా బిగిస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే అసలు స్థితి అవుతుంది. బండి నేలకు దిగగానే అది సగం మెలితిరిగి ఉంటుంది, ప్రతి గుంతా దాన్ని ఇంకా మెలితిప్పుతుంది. పాలీ తన గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి ఈ తప్పు దానికి అంతగా తగలదు. పాలీకి వచ్చిన మన్నిక పేరులో కొంత ఇలా వచ్చినదేనని నా అనుమానం.

అలాగని పాలీని పూర్తిగా కొట్టిపారేయలేం. స్టెబిలైజర్ బార్‌ను పట్టి ఉంచే బుష్‌లు, బొలెరో లాంటి బండ్ల కమాన్ పట్టీల చివర్లు ప్రధానంగా ఒకే తీరున తిరిగేవి; అక్కడ మంచి పాలీ పనికొస్తుంది, గ్రీజు మరవకపోతే. కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు: పాలీయురేథేన్‌లో పాలీఎస్టర్ రకం తడిలో క్రమంగా చెడుతుంది, పాలీఈథర్ రకం నీటిని మెరుగ్గా తట్టుకుంటుంది. లోయర్ ఆర్మ్‌కు మాత్రం కంపెనీ రబ్బరే అడగండి. బండి నాలుగు చక్రాల మీద నేలపై నిలిచాకే ఆఖరి బిగింపు వేయమని మెకానిక్‌కు ముందే చెప్పండి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చూపించండి.